దెయ్యం గుడ్లలో కూరగాయ

(అట్లాంటా శివారులో తెలుగు కుటుంబాలు జరుపుకునే వారాంతపు వంట ముచ్చట్లలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లు ముందుకు రండి. వంట మాటలు దూరం నుంచి వింటే వాసన కూడా అందదు.

నన్ను మాట్లాడమన్నది డెవిల్డ్ ఎగ్స్ గురించి. మీలో చాలామంది తినే ఉంటారు. ఈస్టరుకీ థాంక్స్‌గివింగ్‌కీ, ఆఫీసు విందుల్లోనూ, ఇక్కడివాళ్లు నలుగురు కూడిన ప్రతి చోటా బల్ల మీద ఆ పళ్లెం కనిపిస్తుంది. ఉడికిన గుడ్డును నిలువుగా రెండు చెక్కలు చేసి, పచ్చసొన తీసి, మయొనైజ్, ఆవపిండి, కాస్త వెనిగర్ వేసి మెత్తగా మెదిపి, మళ్లీ ఆ గుంటలోనే నింపుతారు. వంటకం అంతే. ఇందులోకి కూరగాయను ఎలా తేవాలన్నది ఇవాళ్టి మాట. పైన కొత్తిమీర రెబ్బ గుచ్చి కూరగాయ వేశామని చెప్పుకోవడం నాకు నచ్చదు. ఆ ముద్దలోనే కూరగాయ ఉండాలి, తిన్నవాళ్లకు ఆ రుచి తెలియాలి.

నేను జార్జియాకు వచ్చిన మొదటి ఏడాది పక్కింటి పెద్దావిడ ఈస్టరు భోజనానికి పిలిచింది. ఆవిడ దగ్గర వీటికోసమే ఒక గాజు పళ్లెం ఉండేది. చుట్టూ కోలగా గుంటలు. చూడగానే మా అమ్మమ్మ గుంత పొంగనాల పెనం గుర్తొచ్చింది. దక్షిణాది రాష్ట్రాల్లో ఇలాంటి పళ్లేన్ని పెళ్లికూతురికి కానుకగా ఇవ్వడం మామూలేనట. ఆవిడ మాత్రం వాటిని డెవిల్డ్ ఎగ్స్ అనలేదు, స్టఫ్డ్ ఎగ్స్ అంది. ఎందుకని అడిగితే, "చర్చి భోజనానికి దెయ్యం పేరు పెట్టి తీసుకెళ్తామా?" అంది. (నవ్వులు) తరవాత చూస్తే ఈ దేశంలో దక్షిణాదిన, మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో చాలామందిది అదే పట్టింపు. డ్రెస్డ్ ఎగ్స్ అనీ, శాలడ్ ఎగ్స్ అనీ పిలుస్తారు కానీ దెయ్యాన్ని తలవరు.

ఆ దెయ్యం సంగతి కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే అది మనకు బాగా తెలిసిన దెయ్యమే. మిరియాలు, ఆవపిండి దట్టించి ఘాటుగా చేసిన వంటకాన్ని 18వ శతాబ్దపు ఇంగ్లండులో డెవిల్ అనేవారు. అచ్చులో ఆ వాడుక 1786 నాటికే ఉంది. అంటే గుడ్డులోని దెయ్యం ఆవ ఘాటు. ఆవకాయ పెట్టుకునే జాతికి దాన్ని ఇంకొకరు పరిచయం చేయాలా?

గుడ్డులో కూరి పెట్టడం ఆ పేరు కంటే ఎంతో పాతది. 13వ శతాబ్దపు ఆండలూసియాలో, అంటే ముస్లిముల ఏలుబడిలో ఉన్న దక్షిణ స్పెయిన్‌లో, రాసిన ఒక వంటల పుస్తకంలో ఈ పద్ధతి ఉంది. పచ్చసొనను కొత్తిమీర ఆకుతో, ఉల్లిపాయ రసంతో, మిరియాలు ధనియాలతో నూరి, నూనె, ఉప్పు, పులియబెట్టిన బార్లీ రసం కలిపి, తెల్లసొనల్లో నింపి, రెండు చెక్కలనూ మళ్లీ మూసి సన్నని పుల్ల గుచ్చేవారు. వినండి, కొత్తిమీర, ఉల్లి, ధనియాలు! మయొనైజ్ ఊసే లేదు. అది చాలా ఆలస్యంగా వచ్చి చేరింది. అమెరికాలో 1896లో ఫ్యానీ ఫార్మర్ తన వంట పుస్తకంలో పచ్చసొనను మయొనైజ్‌తో కలపమని రాసింది. ఇవాళ ఆ మయొనైజ్ లేకపోతే ఈ వంటకమే కాదంటారు కొందరు. నా మటుకు కూరగాయ వేసిన గుడ్డు కొత్త పోకడ కాదు, పాత ఇంటికి తిరిగి రావడం.

ఇప్పుడు నా ఘనకార్యం ఒకటి చెబుతాను. ఆ ఈస్టరు అయిన రెండు నెలలకు పార్కులో మనవాళ్ల పాట్‌లక్, అంటే ఇంటికో వంటకం తెచ్చి పంచుకునే విందు. నేను గుడ్లు చేసుకొస్తానని ముందుగా చేయెత్తాను. పక్కింటావిడ చెప్పినట్టు చేస్తే నా గొప్ప ఏముంటుంది? పచ్చి క్యారెట్ తురిమాను, కీరదోస సన్నగా తరిగాను, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, అన్నీ పచ్చసొనలో కలిపి నింపాను. ఇంట్లో చూడముచ్చటగా ఉన్నాయి. కారులో ముప్పావు గంట ప్రయాణం. అక్కడ మూత తీసేసరికి పళ్లెంలో నీళ్లు, ఆ నీళ్లలో తెల్లసొన పడవలు, లోపలి ముద్ద కారిపోయి ఒక్కచోట చేరింది. మా ఆయన దాన్ని చూసి "పులుసు పెట్టావా?" అన్నారు. (నవ్వులు)

జరిగింది చిన్న విషయమే. పచ్చి కూరగాయకు ఉప్పు తగిలితే లోపలి నీరు బయటికి వస్తుంది. ఇది నాకు తెలియదా? మాగాయ పెట్టే ఇంట్లో పుట్టాను. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి, మూడో రోజు ఊటలోంచి పిండి తీసి ఎండలో వేస్తాం. ఊట వేరు, ముక్క వేరు. ఆ ముక్క ఎండితేనే మాగాయ నిలుస్తుంది. ఆ జ్ఞానం జాడీ దగ్గరే వదిలేసి ఇంగ్లీషు పేరున్న వంటకం దగ్గరికి వట్టి చేతులతో వెళ్లాను. నేను ఇవాళ చెప్పేదంతా ఒక్క మాటకు వస్తుంది. కూరగాయ తన ఊటను గుడ్డు బయటే వదిలి రావాలి.

కూరగాయల దగ్గరికి వెళ్లే ముందు గుడ్డు. నిన్న కొన్న తాజా గుడ్డు దీనికి పనికిరాదు. తాజా గుడ్డులో తెల్లసొన లోపలి పొరకు గట్టిగా అంటుకుని ఉంటుంది. వలిస్తే పెంకుతోపాటు సగం తెల్లసొన ఊడివస్తుంది. రోజులు గడిచేకొద్దీ గుడ్డులోని బొగ్గుపులుసు వాయువు పెంకు సూక్ష్మరంధ్రాల గుండా పోయి తెల్లసొనలో క్షారగుణం పెరుగుతుంది, పొర పట్టు సడలుతుంది. వారం పది రోజుల గుడ్డు సులువుగా వలుచుకుంటుంది. ఇక్కడ గ్రేడు ముద్ర ఉన్న అట్టపెట్టె మీద మూడు అంకెల సంఖ్య ఉంటుంది, గమనించారా? 001 అంటే జనవరి 1న ప్యాక్ చేసినవి. మామూలు ఏడాదిలో 365 అంటే డిసెంబరు 31. దాన్నిబట్టి లెక్క చూసుకోండి. ముందు రాత్రి ఆ అట్టపెట్టెను రబ్బరు బ్యాండు వేసి పక్కకు పడుకోబెట్టండి. పచ్చసొన ఒక మూలకు జరగకుండా నడిమికి వస్తుంది, అప్పుడు గుంట చుట్టూ గోడ సమంగా ఉంటుంది.

చన్నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టకండి. మరుగుతున్న నీళ్లలోకి గరిటెతో మెల్లగా దించండి, లేదా ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించండి. వేడి ఒక్కసారిగా తగిలితే తెల్లసొన పొరకు అంటుకోకుండానే గట్టిపడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పెద్ద గుడ్డుకు 12 నిమిషాలు చాలు. వెంటనే ఐసు నీళ్లలో పావుగంట. అతిగా ఉడికితే పచ్చసొన చుట్టూ బూడిద పచ్చ వలయం కనిపిస్తుంది కదా, తెల్లసొనలోని గంధకం పచ్చసొనలోని ఇనుముతో కలిసి చేసే పని అది. తింటే హాని లేదు, కానీ పెళ్లిచూపులకు పంపే ముఖం కాదు. వలిచేటప్పుడు వెడల్పు కొన దగ్గర మొదలుపెట్టండి, గాలి గది అక్కడే ఉంటుంది.

సరే, కూరగాయ.

మొదటిసారి చేసేవాళ్లు పచ్చి బఠాణీతో మొదలుపెట్టండి. అందులో పిండి పదార్థం ఉంది, తన నీరు తానే పట్టి ఉంచుకుంటుంది, మీ పరువు తీయదు. ఫ్రోజెన్ బఠాణీలే తెచ్చుకోండి, మూడు నిమిషాలు ఉడికించి, వార్చి, గుడ్డ మీద పరిచి తడి ఆరనివ్వండి. తరవాత జల్లెడ మీద వేసి గరిటె వెనకతో రుద్దండి. తొక్కలు పైన మిగులుతాయి, కింద వెన్నలాంటి ముద్ద దిగుతుంది. దానికి అల్లం, పచ్చిమిర్చి, రెండు పుదీనా ఆకులు నూరి కలపండి. పచ్చసొనను కూడా అదే జల్లెడలో, ఇంకా గోరువెచ్చగా ఉండగా రుద్దండి. చల్లారితే పలుకులు పలుకులుగా మిగిలిపోతుంది.

పాలకూరతో జాగ్రత్త. అరకిలో ఆకు వేస్తే ఉడికాక గుప్పెడు మిగులుతుంది, ఆ గుప్పెడులోనూ సగం నీరే. గుడ్డలో మూటకట్టి, గుడ్డను మెలితిప్పి, చుక్క రాలడం ఆగేదాకా పిండాలి. ఆ నీటిని పారబోయకండి, చపాతీ పిండిలో కలపండి. క్యారెట్, చిలగడదుంప ఉడకబెట్టడం కంటే ఓవెన్‌లో 400 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర అరగంట కాల్చడం మేలు. నీరు పోతుంది, తీపి చిక్కబడుతుంది. ఎర్ర క్యాప్సికం మంట మీద నల్లగా కాల్చి, తొక్క తీసి, చిల్లుల గిన్నెలో వార్చండి. సెలరీ, ముల్లంగి లాంటివి కరకరలాడడం కోసమే వేస్తాం కాబట్టి ఉడికించి లాభం లేదు. సన్నగా తరిగి, ఉప్పు రాసి, పది నిమిషాలు ఆగి పిండి, వడ్డించే ముందు పైన చల్లండి. లోపల కలపవద్దు.

కాల్చిన వంకాయ నాకు ఇష్టమే. కానీ రంగు చూస్తే పిల్లలు దగ్గరికి రారు. గోంగూర కూడా అంతే. ఇక్కడ మన పెరళ్లలో వేసవి మొత్తం గోంగూరే, ఎక్కువై ఇంటింటికీ పంచుతాం కదా. ఆకును నూనెలో పచ్చిమిర్చితో మగ్గించి, నీరంతా ఇగిరాక మెదిపి, ఆరు పచ్చసొనలకు రెండు చెంచాలు కలిపి చూడండి. వెనిగర్ చుక్క అక్కర్లేదు, పులుపు అదే తెస్తుంది. రంగు మాత్రం పోలీసు చొక్కా రంగు. (నవ్వులు) పైన వేయించిన ఉల్లిపాయ కప్పితే కొంత దాగుతుంది. రుచిలో నా ఓటు దీనికే.

బీట్‌రూట్ సంగతి వేరు. దాన్ని లోపల కలపడం కంటే బయట వాడడం అందం. పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ జర్మన్ సంతతివాళ్లకు బీట్‌రూట్ ఊరగాయ రసంలో ఉడికిన గుడ్లు నానబెట్టే అలవాటు ఉంది. బీట్‌రూట్ ఉడికించిన నీళ్లు, వెనిగర్, చక్కెర, ఉప్పు, రెండు లవంగాలు మరిగించి చల్లార్చి, వలిచిన గుడ్లను అందులో మునిగేలా ఉంచండి. రెండు మూడు గంటలకు అంచు మాత్రం గులాబీ రంగుకు తిరిగి నడుమ తెల్లగా ఉంటుంది. ఆ దశలో తీసి కోస్తే తామర రేకులా ఉంటుంది. రాత్రంతా ఉంచితే రంగు లోపలికి దిగుతుంది, ఇంకా ఎక్కువ ఉంచితే తెల్లసొన రబ్బరులా సాగుతుంది. ఒక మాట మరిచిపోకండి. గుడ్డు కోయకముందే నానబెట్టాలి. కోసి నానబెడితే గుంట లోపల కూడా రంగెక్కి, మీరు నింపిన పచ్చని బఠాణీ ముద్ద మురికిగా కనిపిస్తుంది. గులాబీ అంచు, తెల్లని గోడ, లోపల పచ్చ. అమెరికా వాళ్ల విందులో అందరూ ముందుగా ఫోను తీసేది ఈ పళ్లెం దగ్గరే.

అవకాడో గురించి అడుగుతారని తెలుసు. వేయండి, మయొనైజ్ అవసరం కూడా తగ్గుతుంది. అయితే నిమ్మరసం పిండినా కొద్ది గంటల్లో నల్లబడుతుంది. ఇంట్లో తినడానికి సరే, మోసుకెళ్లడానికి వద్దు.

ఇప్పుడు దెయ్యం. హాట్‌డాగుల మీద పిండే సీసాలోని మస్టర్డ్ చాలా మెత్తని దెయ్యం. దాని పసుపు రంగు కూడా ఆవాలది కాదు, అందులో కలిపిన పసుపుది. మన నల్ల ఆవాలు పొడి చేసి వాడండి. ఆవాల్లో ఘాటు సిద్ధంగా ఉండదు. నలిగి తడి తగిలితే లోపలి ఎంజైము పనిచేసి ఘాటును పుట్టిస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైము చస్తుంది. అందుకే పోపులో చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉంటాయి కానీ ముక్కుకెక్కవు. ఆవ పెట్టిన అరటికాయ కూరలో పొయ్యి కట్టేశాక ఆవ ముద్ద కలిపేది ఇందుకే. మన పెద్దవాళ్లకు ఎంజైము పేరు తెలియదు, పని తెలుసు. ఒక చెంచా ఆవపొడికి రెండు చెంచాల చన్నీళ్లు కలిపి పది నిమిషాలు వదిలేయండి. ఆ తరవాతే నిమ్మరసమో వెనిగరో కలపండి. పులుపు ముందే పడితే ఆ పని సాగదు.

కొలతలు రాసుకుంటారా? 12 గుడ్లు, 24 చెక్కలు. మనిషికి రెండు లెక్కేసుకోండి, మనవాళ్లయితే మూడు. 12 పచ్చసొనలు కలిసి సుమారు 200 గ్రాములు ఉంటాయి. నీరు పిండిన కూరగాయ ముద్ద 120 గ్రాములు దాటనివ్వను, దాటితే గుడ్డు రుచి పోయి కూరగాయ బజ్జీ పచ్చడి తిన్నట్టు ఉంటుంది. మూడు పెద్ద చెంచాల మయొనైజ్, మూడు పెద్ద చెంచాల పెరుగు. పెరుగు అంటే గుడ్డలో కట్టి వేలాడదీసి, నీరు కారిపోయినది. మామూలు పెరుగు వేస్తే నా పార్కు కథ మీ ఇంట్లో జరుగుతుంది. ఆవ ముద్ద రుచి చూసుకుంటూ కలపండి. ఉప్పు చివరన, నింపే ముందు. ముద్ద చెంచా నుంచి జారకూడదు, చెంచాను తిరగేసి విదిలిస్తే పడాలి, గారెల పిండిలాగా.

తీసుకెళ్లేటప్పుడు నింపి తీసుకెళ్లకండి. తెల్లసొనలు ఒక డబ్బాలో, ముద్ద ఒక జిప్ కవరులో, రెండూ ఐసు పెట్టెలో. అక్కడికెళ్లాక కవరు మూల కత్తిరించి, గోరింటాకు కోను పిండినట్టు పిండడమే. 24 చెక్కలకు ఐదు నిమిషాలు. గుంటల పళ్లెం లేకపోతే సన్నగా తరిగిన క్యాబేజీ పరిచి దాని మీద పెట్టండి, జారవు. బయట పెట్టాక రెండు గంటలు, ఎండ 32 డిగ్రీల సెల్సియస్ దాటితే గంట మాత్రమే. జూలైలో మన ఊళ్లో ఆ గంటే లెక్క. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు, సమయం దాటితే పారేయండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(శ్రోతల్లో ఒకరు: మా అత్తగారు కార్తీకమాసంలో గుడ్డు ముట్టరు. థాంక్స్‌గివింగ్ కొన్నేళ్లు ఆ నెలలోనే వస్తుంది. ఏం చేయాలి?)

మంచి ప్రశ్న. చిన్న బంగాళాదుంపలు తొక్కతోనే ఉడికించి, సగానికి కోసి, చెంచాతో గుంట చేయండి. ఆ తీసిన దుంప గుజ్జులోనే బఠాణీ ముద్ద, నీరు తీసిన పెరుగు, ఆవ కలిపి నింపండి. చూపుకు గుడ్డులాగే ఉంటుంది, అందుకే పక్కపక్కన పెట్టకండి. పళ్లెం వేరు, చెంచా వేరు, బల్ల చివర వేరు. పేరు రాసిన చీటీ కూడా పెట్టండి. సీసాలో మయొనైజ్‌లోనూ గుడ్డు ఉంటుంది, మరిచిపోయి కలిపేరు.

(మరొకరు: ముందు రోజే చేసి పెట్టుకోవచ్చా అండీ?)

గుడ్లు ఉడికించి, పెంకుతోనే వారం దాకా ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. కూరగాయ ముద్ద ముందు రాత్రే చేయండి, నిజానికి అదే మంచిది. రాత్రంతా జల్లెడలో ఉంటే మిగిలిన ఊట కూడా దిగుతుంది. ఆవ మాత్రం ఆ పూటే కలపండి, నిలవ ఉంటే ఘాటు తగ్గుతుంది. ముద్ద మిగిలిందనుకోండి, ఎప్పుడూ కొంచెం మిగులుతుంది, మర్నాడు పొద్దున రొట్టె మీద రాసుకుని తినండి. మా ఇంట్లో దానికోసమే కాస్త ఎక్కువ చేయమంటారు.

(ఇంకొకరు: పైన మిరపపొడి చల్లాలా, పాప్రికా చల్లాలా?)

పాప్రికా రంగుకోసం. మన కారం రంగుకీ కారానికీ. ఎవరు తింటారో చూసుకుని చల్లండి. మా పక్కింటావిడకు నేను మొదటిసారి గుంటూరు కారం చల్లి పెట్టాను. రెండు గ్లాసుల మంచినీళ్లు తాగి, "ఇప్పుడు వీటిని డెవిల్డ్ అనొచ్చు" అంది. (నవ్వులు)

ఇక లేవండి. బల్ల మీదవి ఇప్పుడే ఐసు మీద నుంచి తీశాను. ఎడమ వైపు గులాబీ అంచువి బఠాణీవి, పిల్లలకు అవే ఇవ్వండి. కుడి చివర ఉన్నవి గోంగూరవి, రంగు చూసి వెనక్కి తగ్గకండి. బంగాళాదుంపలవి ఆ కిటికీ దగ్గర బల్ల మీద ఉన్నాయి, వాటికి చెంచా కూడా అక్కడే ఉంది.